పన్నెండో తెల్లంగీ

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే నేను కూర్చోను. సీటు ఖాళీగా ఉన్నా సరే, ఎడమ వైపు తలుపు దగ్గర నిలబడతాను. అంత ఎత్తు నుంచి ఇళ్ళ డాబాలన్నీ కనిపిస్తాయి. నీళ్ళ ట్యాంకులు, ఎండబెట్టిన మిరపకాయలు, కోచింగ్ సెంటర్ల హోర్డింగుల వీపులు. మొన్న ఒక డాబా మీద తీగకు వరసగా తెల్లంగీలు ఆరేసి ఉన్నాయి. మెడ నుంచి పాదాల దాకా వచ్చే పొడుగు అంగీలు. నా పక్కనున్న ఆయన కూడా చూసినట్టున్నాడు.

"ఏందవి సార్, నాటకం బట్టలా?" అని అడిగాడు.

"బాప్తిస్మం బట్టలు" అన్నాను.

"అంటే?"

ఈలోగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది, దిగిపోయాను. స్టేషన్ రాకపోయినా నేను చెప్పి ఉండేవాణ్ణి కాదు. ఆ బట్టల గురించి చెప్పాలంటే ఆమె గురించి చెప్పాలి. ఆమె గురించి చెప్పాలంటే నా గురించి చెప్పాలి. అరవై దాటినా ఆ రెండో పని నాకు చేతకాలేదు. ఇప్పుడు ఇంటికొచ్చి కాగితం ముందు పెట్టుకున్నాను గనక కాస్త ధైర్యం వచ్చినట్టే.

ఆమె పేరు మాత్రం రాయను. తన పేరు ఒక పుస్తకంలోకి ఎక్కకుండా చూసుకోవడానికే ఆమె సగం జీవితం తిప్పలు పడింది. మిగతా సగం అదే పుస్తకంలోకి ఎక్కాలని తపించింది. నేను ఆ పుస్తకం రాసేవాణ్ణి.

మా చర్చి చంపాపేట్ మెయిన్ రోడ్డు నుంచి రెండు గల్లీలు లోపలికి ఉంటుంది. ముందు రేకుల షెడ్డు, వెనక ప్రహరీ గోడకు ఆనుకుని సిమెంటు తొట్టి. నాలుగు మెట్లు దిగితే నడుము దాకా నీళ్ళు. మా సంఘంలో పసిపిల్లల నెత్తిన నీళ్ళు చల్లే పద్ధతి లేదు. ఎదిగిన మనిషి, నమ్మినవాడు, తనంతట తాను వచ్చి తొట్టిలో దిగాలి. పాస్టర్ గారు వెనక్కి వాల్చి నిండా ముంచి లేపుతారు. అదే బాప్తిస్మం. దిగేవాళ్ళకు తొడగడానికి సంఘం తరఫున పన్నెండు తెల్లంగీలు ఉండేవి. ఆ పన్నెండూ ఆమె కుట్టినవి, ఆమె ఉతికేవి, ఆమె ఇస్త్రీ చేసి తన ఇంట్లో ట్రంకు పెట్టెలో దాచేవి.

దిల్‌సుఖ్‌నగర్ బట్టల దుకాణాల వెనక సందులో ఆమె చీరలకు ఫాల్స్ కుట్టేది. ఎప్పుడు చూసినా కొంగుకు నాలుగు గుండుసూదులు, పళ్ళ మధ్య ఒక దారప్పోగు. మాట్లాడాలంటే ముందు ఆ దారం తీయాలి. అందుకని తీసేంత విలువున్న మాటైతేనే మాట్లాడేది. మా సంఘంలో చాలామందికి ఆ దారం అవసరమని నాకు అనిపించేది, నాతో సహా.

అంగీలు కుట్టిన కొత్తలో ఒక పెద్దావిడ తొట్టిలో దిగగానే అంగీ గొడుగులా విచ్చుకుని పైకి తేలింది. పాస్టర్ గారు గట్టిగా కళ్ళు మూసుకుని ప్రార్థన పొడిగించారు. మర్నాడే ఆమె మెకానిక్ షెడ్డుకు పోయి పనికిరాని చిన్న నట్లు గుప్పెడు అడిగి తెచ్చింది. ఒక్కో అంగీ అంచు మడతలో ఆరేసి నట్లు పెట్టి కుట్టేసింది. ఆ తర్వాత మా సంఘంలో ఎవరి అంగీ తేలలేదు. కట్ట తీసి బల్ల మీద పెడితే మాత్రం గలగలమని చప్పుడయ్యేది.

మెడ వెనక ఎర్రదారంతో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు కుట్టింది. "ఏడో నంబరుకు చంకల చినిగింది సార్, మూడో నంబరు మంచిగున్నది" అని ఇంట్లో మనుషుల క్షేమం చెప్పినట్టు చెప్పేది. పన్నెండో నంబరు ఎవరికీ సరిపోయేది కాదు. పొట్టి. "మంచి బట్ట పాడుచేశావు కదమ్మా" అని నేను ఒకసారి దెప్పాను. "కొలత తప్పింది సార్" అంది, దారం తీయకుండానే. నేను అక్కడితో వదిలేశాను. నాకు అప్పుడు బట్టల మీద కన్నా పుస్తకాల మీద శ్రద్ధ ఎక్కువ.

నేను సంఘ కార్యదర్శిని. గవర్నమెంటు స్కూల్లో సోషల్ టీచర్ని. చేతిరాత బాగుంటుందని రెండు పుస్తకాలు నా నెత్తిన పెట్టారు. ఒకటి బాప్తిస్మం రిజిస్టర్. రెండోది సామాన్ల పుస్తకం. అందులో చాపలు, కుర్చీలు, హార్మోనియం, తెల్లంగీలు వరసగా రాసి, ఎదురుగా మూడు గడులు గీశాను: ఉన్నవి, చినిగినవి, వాడుకలో ఉన్నవి. ఎవరింట్లోనైనా ప్రార్థన కూడిక పెట్టుకుంటే చాపలు, కుర్చీలు పట్టుకుపోతారు కదా, అవి ఆ మూడో గడిలోకి వచ్చేవి.

బాప్తిస్మం ఉన్న ఆదివారం ఆమెది ఒకే చోటు. తొట్టి మెట్ల పక్కన, భుజం మీద తువ్వాళ్ళతో నిలబడేది. వణుకుతూ వచ్చేవాళ్ళకు ప్రతిసారీ అవే మాటలు చెప్పేది. "పరేషాన్ గాకున్రి. ముక్కు మూసుకోన్రి, నోరు మూసుకోన్రి. కండ్లు మాత్రం తెరిసిపెట్టున్రి." పాస్టర్ గారు వాళ్ళ భుజం మీద చెయ్యేసి అడిగేవారు: "నీ సొంత ఇష్టంతోనే దిగుతున్నావా?" దిగినవాళ్ళు "నా ఇష్టంతోనే" అనేవాళ్ళు. అదే సమయానికి మెట్ల పక్కన ఆమె పెదవులు కూడా కదిలేవి. మునిగి లేచినవాళ్ళకు తువ్వాలు కప్పుతూ చెవిలో అడిగేది: "లోపట ఏం కనవడ్డది?"

కొందరు నీళ్ళు చల్లగున్నాయనేవాళ్ళు. ఒకామె పాస్టర్ గారి కాళ్ళు కనబడ్డాయంది. ఒక ఆటో డ్రైవర్ మాత్రం, "అంతా తెల్లగ అక్కా, మా అమ్మ గుర్తొచ్చింది" అని ఏడ్చాడు. ఆమె ఆ మాట నాకు పది మార్లైనా చెప్పి ఉంటుంది. అందరి దగ్గరా పోగుచేసింది. తను మాత్రం దిగలేదు.

ఎందుకు దిగలేదో చెప్పాలి. ఎస్సీ కులంలో పుట్టినవాడు క్రైస్తవుడైతే కాగితం మీద కులం మారిపోతుంది. ఆ కోటాలో వచ్చిన ఉద్యోగం నిలవదు. ఆమె భర్త ఆ కోటాలోనే ఒక గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. అదే ఆఫీసులో ఒకతని మీద ఎవరో పిటిషన్ పెట్టారు. అతను చర్చికి పోతాడని చెబితే ఎవరూ పట్టించుకోలేదు. అతని బాప్తిస్మం సర్టిఫికెట్ నకలు దొరికేసరికి విచారణ వచ్చింది, నౌకరి పోయింది. ఆ రోజు నుంచి ఆమె భర్త ఒక్క మాట మీదే ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఆదివారం ఆమెను స్కూటర్ మీద తెచ్చి దింపేవాడు. గేటు దాటి లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు. "చర్చికి పో, పాటలు పాడు, నాకేం లేదు. కాగితం మీదికి మాత్రం ఎక్కకు" అనేవాడట. పైగా వాళ్ళకు ఒక్కతే కూతురు. దిల్‌సుఖ్‌నగర్‌లోనే టీచర్ ఉద్యోగానికి కోచింగ్ తీసుకుంటోంది. ఆ పిల్ల దరఖాస్తుతో పాటు, మేము హిందువులమని తల్లిదండ్రులు సంతకం పెట్టిన అఫిడవిట్ ఇవ్వాలి.

నెలకోసారి ప్రభువు బల్ల. రొట్టె పళ్ళెం వరసలో చేతులు మారుతూ వచ్చేది. బాప్తిస్మం పొందినవాళ్ళకే అది. పళ్ళెం దగ్గరికి రాగానే ఆమె రెండు చేతులా అందుకుని, ఒక్క క్షణం ఆగి, పక్కామెకు ఇచ్చేసేది. అన్నేళ్ళు వెనక బెంచీలో కూర్చుని నేను ఆ ఆగడాన్ని చూశాను. ఆకలితో ఉన్నవాళ్ళు కూడా అన్నం ముందు అట్లా ఆగరు. చూసిన ప్రతిసారీ నాకు జాలి వేసేది, జాలి వెనకే కోపం వచ్చేది. ఇంత నమ్మకం ఉన్న మనిషి ఒక్క కాగితానికి భయపడటం ఏమిటని.

నా కోపానికి మాటలు ఎక్కువ. శనివారం సాయంత్రాలు చర్చి వరండాలో ఆమె బొగ్గుల పెట్టెతో అంగీలు ఇస్త్రీ చేస్తుంటే, నేను పుస్తకాలు ముందేసుకుని సిద్ధాంతం చెప్పేవాణ్ణి. మనిషి చేసే మంచి పనుల వల్ల రక్షణ రాదు, దేవుడు ఉచితంగా ఇచ్చేదాన్ని నమ్మకంతో అందుకోవడమే అని చెప్పాను. ఆమె నీళ్ళు చిలకరించి, పెట్టె వేడి చూసి, దారం తీసింది.

"పనులతోటి రాదంటరు. మరి తొట్టిల మునుగుడు పని కాదా సార్?"

"అది విధేయత. దేవుడు చెప్పింది చేయడం."

"గీ ఇస్త్రీ చేసుడు?"

"అది సేవ."

"నమ్ముడు?"

"అది విశ్వాసం."

"మూడిట్ల రెండున్నయ్ నా దగ్గర" అంది. లెక్క చూసుకుని కాస్త సంతోషపడ్డట్టే అంది.

ఇంకోసారి, యేసు పక్కన సిలువ మీద వేలాడుతూ నమ్మి, ఆ రోజే పరలోకం పొందిన దొంగ సంగతి తెచ్చింది. "ఆయనను ఎవ్వరు ముంచలే కద సార్. రిజిస్టర్ల ఎవరు రాసిన్రు?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు తయారుగా ఉంది. "అతనికి దిగివచ్చే వీలు లేదమ్మా. చేతులకు, కాళ్ళకు మేకులు కొట్టి ఉన్నాయి. వీలున్నవాళ్ళు దిగాలి. దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు."

ఆమె అంగీ తిరగేసి వీపు మీద పెట్టె పోనిచ్చింది. "నాకు కొట్టినయ్ మీకు కనవడుతలేవు, గంతే" అంది. కాసేపాగి, "ఇష్టమైతే ఉన్నది సార్. ఇష్టమున్నోళ్ళందరికి తొవ్వ ఉంటదా?" అంది.

నేను ఇంకో అరగంట మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఆమె అన్నవే గుర్తున్నాయి.

అల్మాస్‌గూడ వైపు నాలుగైదు సంఘాలకు కలిపి ఒక సమాధుల తోట ఉంది. అక్కడ చోటు కావాలంటే బాప్తిస్మం రిజిస్టర్ నంబరు వేసి సంఘం నుంచి ఉత్తరం ఇవ్వాలి. ఒకసారి ఎవరినో సమాధి చేసి వస్తుంటే ఆమె తూర్పు గోడ దగ్గర నిలబడిపోయింది. "గీడ మంచిగున్నది సార్. పొద్దుగాలనే ఎండ వస్తది. నన్ను గీడ్నే పెట్టున్రి" అంది. ఇల్లు కిరాయికి చూసుకుంటున్నట్టుంది ఆ మాట. "ముందు రిజిస్టర్‌లోకి రావాలి కదమ్మా" అన్నాను. "గదే కద తిప్పల" అని నవ్వింది.

అప్పుడు ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్ళకు ఊళ్ళు కదిలిన రోజులు. మా పాస్టర్ గారిది గుంటూరు వైపు. సంఘంలో సగం మంది నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్ళం, మిగతా సగం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. పాపం ఆయన ప్రతి ఆదివారం, "ప్రభువా, ఈ రాష్ట్ర విషయంలో నీ చిత్తమే జరిగించు" అని ప్రార్థన చేసేవారు. ఎడమ వైపు బెంచీలూ ఆమెన్ అనేవి, కుడి వైపు బెంచీలూ అంతే గట్టిగా ఆమెన్ అనేవి. దేవుడి చిత్తం ఏమిటో రెండు వైపులా ముందే తెలుసు.

ఆ ఉద్యమంలో అందరూ సమ్మెకు దిగిన రోజుల్లోనే మాకు ఒక బాప్తిస్మం ఆదివారం వచ్చింది. బస్సులు లేవు. స్కూళ్ళు మూత, నేనూ సమ్మెలోనే ఉన్నాను. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లకు షట్టర్లు దించేశారు. బొగ్గు గనుల్లో పని ఆగి కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియదు. మోటారు నడవలేదు, ట్యాంకర్ రాలేదు. తొట్టి ఎండిపోయి ఉంది.

ఆమె తెల్లవారకముందే వచ్చి, రెండు గల్లీల అవతలున్న చేతిపంపు నుంచి బిందెలతో నీళ్ళు మోయడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కలిశారు. ఆరాధన మొదలయ్యే వేళకు తొట్టి సగం నిండింది. పాస్టర్ గారు తొంగిచూసి, "మోకాళ్ళ దాకే ఉన్నాయి కదండీ, మాస్టారూ" అన్నారు దిగులుగా. ఆమె దారం తీసి, "కూసోవెట్టి ముంచున్రి అయ్యగారూ. మునుగుడే కద కావాల్సింది" అంది. అట్లాగే కూర్చోబెట్టి ముంచారు.

ఆ రోజు కోసం నేను ముందు రోజే రిజిస్టర్‌లో ఎనిమిది గీతలు గీసి నంబర్లు వేసి పెట్టుకున్నాను. ఇబ్రహీంపట్నం నుంచి రావాల్సిన ఒకామె బస్సుల్లేక రాలేకపోయింది. ఏడుగురే దిగారు. ఎనిమిదో గీత మీద నంబరు ఉంది, పేరు లేదు.

అందరూ వెళ్ళిపోయాక పాస్టర్ గారు ఇంకా తొట్టిలోనే నిలబడి ఉన్నారు. ఆమె మెట్ల పక్కన తడి అంగీలు పిండుతోంది. పొద్దుటి నుంచి నీళ్ళు మోసి భుజం దగ్గర రవిక తడిసి ఉంది. ఆయన ఆమె వంక కొంచెంసేపు చూసి మెల్లగా అన్నారు.

"చెల్లెమ్మా, నీళ్ళు మోసింది నువ్వు. నీళ్ళున్నాయి, నేనున్నాను. ఎవరూ లేరు. దిగుతావా?"

ఆమె చేతిలో అంగీ ఆగిపోయింది. గేటు వైపు చూసింది. ఆమె భర్త ఇంకా రాలేదు. అంగీ పక్కన పెట్టి, చెప్పులు విడిచి, మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. నీళ్ళు ఆమె పాదాలకు తగిలాయి.

నేను అన్నాను: "రిజిస్టర్‌లో రాయాలి కదండీ. రాయకుండా ఎట్లా?"

ఎందుకన్నానో అప్పుడు తెలుసనుకున్నాను. పద్ధతి అంటే పద్ధతే, నలుగురి ముందు ఒప్పుకోని విశ్వాసం విశ్వాసం కాదు, ఇలాంటివేవో నా నోట్లో సిద్ధంగా ఉన్నాయి. వాటి అవసరం రాలేదు. ఆమె నా వంక తిరిగి చూసింది. తర్వాత వచ్చినట్టే పైకి ఎక్కింది. రెండు మెట్లే కదా, పెద్ద సమయం పట్టలేదు. పాస్టర్ గారు లోపలికి పోయి బట్టలు మార్చుకున్నారు.

ఆమె తొట్టిలో నీళ్ళు బయటికి వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కొబ్బరి పీచుతో అడుగు రుద్దడం మొదలుపెట్టింది. ప్రతి బాప్తిస్మం తర్వాతా ఆమె చేసే పనే. నేను వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు.

"నేను గీ తొట్టిల ఎన్నిసార్లు దిగిన్నో సార్" అంది తల ఎత్తకుండా. "ఎవ్వరు దిగనన్ని సార్లు. నీళ్ళు మాత్రం ఉండయ్."

నేను రిజిస్టర్ మూసి చంకలో పెట్టుకున్నాను.

"మీరు ఎక్కడ మునిగిన్రు సార్?"

"మా ఊరి వాగులో. ఇంటర్ చదివేటప్పుడు."

"లోపట ఏం కనవడ్డది?"

అంతవరకూ నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. నిజమే చెప్పాను. "వానాకాలం. ఎర్రనీళ్ళు. ఏమీ కనబడలేదు. కానీ పైకి లేచాక చాలాసేపు నవ్వుతూనే ఉన్నాను."

ఆమెకు ఆ జవాబు నచ్చింది. పీచు ఆపి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులోనే, ఏ దురుద్దేశమూ లేకుండా, ఒక ఆడమనిషి ఇంకొకరి ఇంటి సంగతి అడిగినట్టే అడిగింది.

"మరి మీకు నౌకరి ఎట్లొచ్చింది సార్?"

మా ఊరి చర్చి రిజిస్టర్‌కు చెదలు పట్టింది. నేను మునిగినట్టు ఈ లోకంలో ఎక్కడా కాగితం లేదు. నా కుల సర్టిఫికెట్ మీద ఎస్సీ, హిందూ అని ఉంది. దాని మీదే నాకు ఉద్యోగం వచ్చింది. దాని మీదే జీతం, ఇల్లు, పిల్లల చదువులు. చంపాపేట్‌కు వచ్చాక, నేను బాప్తిస్మం పొందినవాణ్ణని నోటిమాటగా చెబితే ఈ సంఘం నమ్మి పళ్ళెం నా చేతికిచ్చింది, తర్వాత రిజిస్టర్ కూడా ఇచ్చింది. అంత శ్రద్ధగా అందరి పేర్లూ రాసిన ఆ పుస్తకంలో నా పేరు లేదు.

జవాబు నా ముఖంలో ఆమె చదువుకుంది. చప్పున తల దించుకుని అడుగు రుద్దసాగింది, చూడకూడనిది చూసినట్టు. కొంచెంసేపయ్యాక, నన్ను ఓదార్చడానికే అన్నట్టు అంది.

"మీరు మంచిగనే ఆపిన్రు సార్. ఇయ్యాల మునుగుదును. మునిగినంక రేపు పిల్ల కాగితం మీద సంతకం ఎట్ల వెట్టాలె? మునగలే అని ఎట్ల చెప్పాలె? నాతోని కాదు."

నన్ను అనలేదు. అంటే బాగుండేది. నేను మునిగి అబద్ధం రాశాను. ఆమె అబద్ధం రాయలేక మునగలేదు. ఇద్దరిలో విశ్వాసం ఎవరిదో, క్రియ ఎవరిదో తేల్చమంటే నా సిద్ధాంతమంతా ఆ తొట్టి అడుగున కాలువ రంధ్రంలోంచి పోయింది. ఆమె నా రహస్యం ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత శనివారాల్లో నేనూ సిద్ధాంతం చెప్పలేదు. వరండాలో ఇద్దరం ఎవరి పని వాళ్ళం చేసుకునేవాళ్ళం.

కూతురికి ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్ల విచారణ ఇంకా జరగాల్సి ఉంది. అది అయిపోతే, కాస్త కుదురుకుంటే అని ఆమె ఏదో లెక్క వేసుకున్నట్టుంది. ఒకసారి, "ఇంకెంత సార్, ఒక్క ఏడాది" అంది. ఏది ఒక్క ఏడాదో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏడాది దొరకలేదు. రాష్ట్రం వస్తోందని రోడ్ల మీద టపాకాయలు కాలుస్తున్న రోజుల్లో ఆమె కడుపునొప్పితో దవాఖానలో చేరింది. వారం తిరక్కుండా పోయింది.

ఆ పొద్దున పాస్టర్ గారింట్లో సంఘ పెద్దలం కూర్చున్నాం. భర్త గేటు బయటే స్కూటర్ పక్కన నిలబడి ఉన్నాడు. కూతురు మాత్రం లోపలికి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "అమ్మ గా తూర్పు గోడ కాడ పెట్టుమన్నది" అంది. రిజిస్టర్ నంబరు లేకుండా సమాధుల తోట వాళ్ళు గేటు తీయరని అందరికీ తెలుసు. నేను రిజిస్టర్ తీసుకుని వెళ్ళాను.

పాస్టర్ గారు నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, అయినా అందరికీ వినబడేట్టే అన్నారు. "మాస్టారూ, సమ్మెప్పుడు ఎనిమిదో గీత ఖాళీగా ఉండాలి. ఆమె పేరు రాసేయండి. నేను సంతకం పెడతాను. ఆ పాపమేదో నా మీద వేసుకుంటాను."

పేజీ తీశాను. ఎనిమిదో నంబరు అట్లాగే ఉంది. జేబులో పెన్ను ఉంది. కూతురు నా వంకే చూస్తోంది. ఆ పిల్ల చూపు రాయమంటోందో వద్దంటోందో నాకు అంతుబట్టలేదు. రాస్తే ఆమెకు తూర్పు గోడ దగ్గర చోటు దొరుకుతుంది. రాస్తే ఇన్నేళ్ళూ ఏ కాగితం పుట్టకుండా ఆమె కాపాడుకుందో ఆ కాగితం నా చేతుల మీదుగా పుడుతుంది, విచారణ జరగాల్సిన పిల్ల నెత్తి మీద.

"లేదండీ" అన్నాను. "ఆమె మునగలేదు."

జీవితమంతా ఒక అబద్ధం మీద కడుపు నింపుకున్నవాణ్ణి, ఆ ఒక్క రోజు నిజం చెప్పాను. కూతురి కోసమే చెప్పానని చాలాసార్లు అనుకున్నాను. రిజిస్టర్ ఎవరైనా తిరగేస్తే అది రాసినవాడి ఉద్యోగం సంగతి కూడా బయటపడుతుందన్న భయం అందులో లేదని మాత్రం ప్రమాణం చేయలేను. నాకు సిగ్గుగా ఉంది, ఇది రాస్తుంటే కూడా.

వ్యాను మాట్లాడుకుని ఆమెను నల్గొండ దగ్గర అత్తగారి ఊరికి తీసుకుపోయారు. నేను గల్లీ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను.

కర్మకాండలు అయ్యాక కూతురు చర్చికి వచ్చింది. ట్రంకు పెట్టెలోని అంగీలన్నీ చీరలో మూటకట్టి తెచ్చింది. శనివారం సాయంత్రమే. నేను వరండాలో ఒక్కణ్ణే ఉన్నాను. మూట బల్ల మీద పెట్టగానే అంచుల్లో నట్లు గలగలమన్నాయి.

"పదకొండే ఉన్నయ్ సార్" అంది.

ఎర్ర అంకెలు చూశాను. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్నాయి.

"ఊర్ల మావోళ్ళు ఎర్రచీర తెచ్చిన్రు. ముత్తైదువ కద, పసుపు, కుంకుమ అన్ని వెట్టాలన్నరు. స్నానం చేపిచ్చినంక జరసేపు నన్నొక్కదాన్నే ఉండనియ్యిన్రి అన్న. లోపట పన్నెండో నంబరు తొడిగిన. మీదికెంచి ఎర్రచీర కట్టిన. ఎవ్వరికి కనవడలే." ఆ పిల్ల ఏడవడం లేదు. అంగీల మడతలు సరిచేస్తోంది. "సరిగ్గ సరిపోయింది సార్. అమ్మ కొలతే అది. పాడె ఎత్తంగ కింద కట్టెకు తగిలి నట్లు సప్పుడైనయ్. ఏంది సప్పుడు అన్నది మా మేనత్త. పట్టీలు అన్న."

కొలత తప్పిందన్న మాట గుర్తొచ్చింది. ఆమె నాతో ఆడిన అబద్ధం అదొక్కటే.

"సార్" అంది కూతురు. "గది లెక్కకొస్తదా?"

ఈ ప్రశ్నకు విశ్వాసం అనీ, క్రియలనీ, స్వేచ్ఛ అనీ జవాబు చెప్పగలిగిన మనిషి అదే వరండాలో అదే కుర్చీలో కూర్చుని ఉండేవాడు. నేను సామాన్ల పుస్తకం తీశాను. తెల్లంగీలు, పన్నెండు అన్న వరస దగ్గరికి వచ్చాను. ఉన్నవి అన్న గడిలో పదకొండు వేశాను. చినిగినవి అన్న గడిలో సున్నా చుట్టాను. మూడో గడిలో, ఆ పిల్లకు కనబడేట్టు పుస్తకం తిప్పి, నా మంచి చేతిరాతతో రాశాను: వాడుకలో ఉన్నది, ఒకటి.